క్రిస్టా మెకాలిఫ్

క్రిస్టా మెకాలిఫ్ (1948 సెప్టెంబరు 2 – 1986 జనవరి 28) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ఉపాధ్యాయురాలు. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని కాంకర్డ్ పట్టణంలో ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించేది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1984లో ప్రారంభించిన అంతరిక్షంలో ఉపాధ్యాయుడు అనే పథకానికి వచ్చిన 11,000కు పైగా దరఖాస్తుల నుండి ఈమె ఎంపికైంది. అంతరిక్షం నుండి పాఠశాల విద్యార్థులకు నేరుగా పాఠాలు చెప్పడం ఈ పథకం ఉద్దేశం. 1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక ప్రయోగించిన 73 సెకన్లకే ధ్వంసం కావడంతో, మిగిలిన ఆరుగురు సిబ్బందితో పాటు ఈమె కూడా మరణించింది. ఆమె చెప్పదలచుకున్న పాఠాలలో కొన్ని 32 సంవత్సరాల తరువాత, 2018లో, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో చిత్రీకరింపబడి విద్యార్థులకు చేరాయి.

బాల్యము, విద్య

ఈమె పూర్తి పేరు షారన్ క్రిస్టా కారిగన్. మసాచుసెట్స్ రాష్ట్రంలోని బోస్టన్ నగరంలో ఎడ్వర్డ్ కారిగన్, గ్రేస్ కారిగన్ దంపతులకు జన్మించింది. ఐదుగురు సంతానంలో ఈమె పెద్దది. చిన్ననాటి నుండి అందరూ ఆమెను మధ్య పేరుతోనే పిలిచేవారు. తండ్రికి ఒక వ్యాపార సంస్థ లెక్కల విభాగంలో ఉద్యోగం రావడంతో కుటుంబం బోస్టన్‌కు సమీపంలోని ఫ్రేమింగ్‌హామ్‌కు తరలివెళ్ళింది. క్రిస్టా అక్కడే మేరియన్ ఉన్నత పాఠశాలలో చదివి 1966లో ఉత్తీర్ణురాలయింది.

ఆమె బాల్యం, అంతరిక్ష యుగపు తొలి దశ ఒకే కాలంలో గడిచాయి. సోవియట్ యూనియన్ 1957లో స్పుత్నిక్ ఉపగ్రహాన్ని ప్రయోగించినపుడు ఆమె వయసు తొమ్మిదేళ్ళు. 1962లో జాన్ గ్లెన్ భూమి చుట్టూ తిరిగి వచ్చినపుడు పదమూడేళ్ళు. ఆ కాలంలో అమెరికా వ్యోమగాములందరూ సైనిక విమాన చోదకులే, అందరూ పురుషులే. ఒక పాఠశాల బాలిక ఆ వృత్తిని లక్ష్యంగా పెట్టుకొనే అవకాశం లేదు. ఈ విషయాన్ని ఆమె తరువాతి కాలంలో తన దరఖాస్తులోనూ ప్రస్తావించింది.

1970లో ఫ్రేమింగ్‌హామ్ స్టేట్ కళాశాల నుండి విద్య, చరిత్ర విషయాలలో పట్టా పొందింది. అదే సంవత్సరం, ఉన్నత పాఠశాల రోజుల నుండి పరిచయమున్న స్టీవెన్ మెకాలిఫ్‌ను వివాహం చేసుకుంది. అతడు న్యాయశాస్త్రం చదవడానికి వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో చేరగా, దంపతులు ఆ ప్రాంతానికి మారారు. వీరికి స్కాట్ అనే కుమారుడు, కారొలిన్ అనే కుమార్తె కలిగారు.

ఉపాధ్యాయ వృత్తి

మేరీలాండ్ రాష్ట్రంలో 1970లో మొదలైన ఆమె బోధన దాదాపు పదిహేనేళ్ళు సాగింది. 1971 నుండి 1978 వరకు లాన్హమ్ అనే ఊరిలోని మాధ్యమిక పాఠశాలలో చరిత్ర, పౌరశాస్త్రం చెప్పింది. ఉద్యోగం చేస్తూనే బోవీ స్టేట్ కళాశాలలో విద్యా పర్యవేక్షణ, పరిపాలన అంశంగా 1978లో స్నాతకోత్తర పట్టా సంపాదించింది. ఆ ఏడాదే భర్తకు న్యూ హాంప్‌షైర్ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయంలో ఉద్యోగం రావడంతో కుటుంబం కాంకర్డ్‌లో స్థిరపడింది. కొంతకాలం పక్కనున్న బో పట్టణంలో పనిచేసి, తరువాత కాంకర్డ్ ఉన్నత పాఠశాలలో చేరింది. అక్కడ అమెరికా చరిత్ర, న్యాయము, అర్థశాస్త్రం బోధించేది.

క్రిస్టా చరిత్ర బోధనలో రాజులు, అధ్యక్షులు, యుద్ధాల కంటే సామాన్యుల జీవితానికి ఎక్కువ స్థానం ఉండేది. అమెరికా చరిత్రలో స్త్రీల జీవితం గురించి ఆమె స్వయంగా ఒక పాఠ్యక్రమాన్ని తయారుచేసింది. పందొమ్మిదవ శతాబ్దంలో బండ్లపై పశ్చిమ ప్రాంతాలకు వలస వెళ్ళిన కుటుంబాల స్త్రీలు వ్రాసుకున్న దినచర్యలు ఆమెకు ఇష్టమైన బోధన సామగ్రి. ఏ పదవీ లేని ఒక గృహిణి వ్రాసిన నాలుగు ముక్కలు ఆ కాలపు ప్రయాణం ఎలా ఉండేదో ప్రభుత్వ పత్రాలకన్నా స్పష్టంగా చెబుతాయని ఆమె అభిప్రాయం. విద్యార్థులను తరగతి గది దాటించి న్యాయస్థానాలకు, ఇతర సంస్థలకు తీసుకువెళ్ళడం కూడా ఆమెకు అలవాటు. ఈ రెండు అలవాట్లూ తరువాత ఆమె దరఖాస్తులోను, పాఠాలలోను చోటు చేసుకున్నాయి.

నాసా పథకం

1984 ఆగస్టు 27న అమెరికా అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్, అంతరిక్షంలోకి వెళ్ళే తొలి సామాన్య పౌరుడు ఒక ఉపాధ్యాయుడై ఉంటాడని ప్రకటించాడు. అది ఎన్నికల సంవత్సరం. విద్య కోసం ప్రభుత్వం చేస్తున్నది చాలదన్న విమర్శలు ఉన్న సమయం. నాసాకు కూడా తన అవసరాలున్నాయి. 1981 నుండి ఎగురుతున్న స్పేస్ షటిళ్ళపై ప్రజలలో మొదట ఉన్న ఉత్సాహం తగ్గింది. టెలివిజన్ సంస్థలు ప్రయోగాలను ప్రత్యక్షంగా చూపడం దాదాపు మానుకున్నాయి. షటిల్ ప్రయాణం మామూలు విషయమైపోయిందని, ఎవరైనా అందులో వెళ్ళవచ్చునని చూపించాలని సంస్థ భావించింది. 1985 ఏప్రిల్‌లో సెనేటర్ జేక్ గార్న్, 1986 జనవరిలో ప్రతినిధుల సభ సభ్యుడు బిల్ నెల్సన్ షటిల్‌లో ప్రయాణించారు. అందువల్ల ఈ పథకాన్ని కేవలం విద్యా కార్యక్రమంగా చూడడం సరికాదు. అలాగని ప్రచారం కోసమే పుట్టినదని కొట్టివేయడానికి కూడా వీలులేదు. వేలాది పాఠశాలలకు అందవలసిన పాఠాలు, చిత్రాలు, ఉపాధ్యాయులకు పంపే సామగ్రి ఇందులో మొదటి నుండి భాగంగా ఉన్నాయి.

ఎంపిక బాధ్యతను రాష్ట్రాల విద్యాశాఖాధిపతుల మండలితో కలిసి నాసా నిర్వహించింది. అభ్యర్థి శాస్త్ర ఉపాధ్యాయుడే కావాలన్న నిబంధన పెట్టలేదు. వైజ్ఞానిక ప్రయోగాలు చేయడానికి వ్యోమగాములు ఎలాగూ ఉన్నారు; చూసినది పిల్లలకు అర్థమయ్యేలా చెప్పగలవాడు కావాలన్నది ఆలోచన. దరఖాస్తులో అభ్యర్థి నౌకలో ఏమి చేయదలచుకున్నాడో వ్రాయాలి. క్రిస్టా తన యాత్ర గురించి ఒక దినచర్య వ్రాస్తానని ప్రతిపాదించింది. శిక్షణ ఒక భాగం, ప్రయాణం రెండవ భాగం, తిరిగి వచ్చిన తరువాతి ఆలోచనలు మూడవ భాగం. వలస బండ్లలోని స్త్రీల దినచర్యలే దీనికి ఆదర్శం. వ్యోమగామి కాని మనిషి అంతరిక్షాన్ని చూసి వ్రాస్తే, సాధారణ ప్రజలు దానిని తమదిగా భావిస్తారని ఆమె వాదించింది.

11,000కు పైగా వచ్చిన దరఖాస్తుల నుండి రాష్ట్రానికి, ప్రాంతానికి ఇద్దరు చొప్పున 114 మందిని ఎంచి, 1985 జూన్‌లో వాషింగ్టన్‌కు పిలిపించారు. అందులోనుండి పదిమంది మిగిలారు: ఆరుగురు స్త్రీలు, నలుగురు పురుషులు. జూలైలో హ్యూస్టన్‌లోని జాన్సన్ అంతరిక్ష కేంద్రంలో వీరికి వైద్య పరీక్షలు, భారరహిత స్థితిని కొద్ది సెకన్లపాటు కలిగించే విమానంలో ప్రయాణాలు, ముఖాముఖి పరీక్షలు జరిగాయి. 1985 జూలై 19న శ్వేతసౌధంలో ఉపాధ్యక్షుడు జార్జ్ బుష్ క్రిస్టా పేరు ప్రకటించాడు. ఇడాహో రాష్ట్రంలోని మెక్‌కాల్ పట్టణంలో ప్రాథమిక తరగతులకు బోధించే బార్బరా మోర్గన్ ఆమెకు ప్రత్యామ్నాయంగా ఎంపికైంది.

పోటీలో నెగ్గని మిగిలినవారిని నాసా వదులుకోలేదు. ఆ ఉపాధ్యాయులు తమ రాష్ట్రాలలో పాఠశాలలు తిరిగి అంతరిక్ష విజ్ఞానం గురించి చెప్పే రాయబారులుగా పనిచేశారు. పత్రికల దృష్టి అంతా ఒక్కరిపైనే ఉన్నందున ఈ సంగతి పెద్దగా ప్రచారంలోకి రాలేదు. పథకంలో ప్రయాణంతో సంబంధం లేకుండా సాగిన భాగం ఇదే.

శిక్షణ

క్రిస్టా పాఠశాల నుండి ఒక సంవత్సరం సెలవు తీసుకుని 1985 సెప్టెంబరులో హ్యూస్టన్‌లో శిక్షణలో చేరింది. ఆమె జీతం నాసా చెల్లించింది. అధికారికంగా ఆమె వ్యోమగాముల బృందంలో సభ్యురాలు కాదు. ఒక యాత్రకు మాత్రమే నియమితమైన పేలోడ్ స్పెషలిస్టు. నౌకలో భోజనం, నిద్ర, పారిశుద్ధ్యం, అగ్నిప్రమాదం వంటి అత్యవసర పరిస్థితులలో పాటించవలసిన పద్ధతులు, కెమెరాల వాడకం ఈ శిక్షణలో ముఖ్యాంశాలు. బార్బరా మోర్గన్ కూడా ఆమెతో సమానంగా శిక్షణ పొందింది.

ఆమె వెళ్ళవలసిన యాత్ర ఎస్‌టీఎస్-51-ఎల్. షటిల్ కార్యక్రమంలో ఇది 25వ ప్రయాణం, ఛాలెంజర్ నౌకకు పదవది. నాయకుడు ఫ్రాన్సిస్ స్కోబీ, చోదకుడు మైఖేల్ స్మిత్, వ్యోమగాములు జుడిత్ రెస్నిక్, ఎలిసన్ ఒనిజుకా, రొనాల్డ్ మెక్‌నెయిర్, హ్యూస్ సంస్థ ఇంజనీరు గ్రెగరీ జార్విస్ మిగిలిన సభ్యులు. ఒక సమాచార ఉపగ్రహాన్ని కక్ష్యలో విడవడం, హేలీ తోకచుక్కను పరిశీలించే పరికరాన్ని వదలి తిరిగి తీసుకోవడం యాత్రలోని ప్రధానమైన పనులు. ప్రజలకు మాత్రం అది టీచరమ్మ వెళ్ళే యాత్రగానే తెలుసు. ఎంపికైన నాటి నుండి క్రిస్టా టెలివిజన్ కార్యక్రమాలలో తరచుగా కనిపించింది. దాపరికం లేకుండా, నవ్వుతూ మాట్లాడే తీరు వల్ల కొద్ది నెలలలోనే దేశమంతటా పరిచితురాలయింది.

తయారుచేసిన పాఠాలు

నౌక నుండి నేరుగా ప్రసారం చేయవలసిన పాఠాలు రెండు. ఒక్కొక్కటి సుమారు పదిహేను నిమిషాలు. అన్నిటికన్నా గొప్ప విజ్ఞానయాత్ర అనే అర్థం వచ్చే పేరుగల మొదటి పాఠంలో, విద్యార్థులను నౌకలోని గదులన్నీ తిప్పి, ఎవరు ఏ పని చేస్తారో, ఎక్కడ తింటారో, ఎలా నిద్రిస్తారో చూపించాలి. ఎక్కడ ఉన్నాము, ఎక్కడికి వెళుతున్నాము, ఎందుకు అనే రెండవ పాఠంలో, అంతరిక్ష యాత్రల వల్ల భూమిపై మనుషులకు కలిగే ప్రయోజనాన్ని చర్చించాలి. ఒక చరిత్ర ఉపాధ్యాయురాలి ముద్ర ఈ రెండింటిలోనూ కనిపిస్తుంది.

వీటికి తోడు, చిత్రీకరించి తరువాత పాఠశాలలకు పంపిణీ చేయడానికి ఆరు ప్రయోగాలు నిర్ణయించారు. ఇవి భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలకు సంబంధించినవి. నాసా విద్యా విభాగం సిబ్బందితో కలిసి క్రిస్టా వీటిని సాధన చేసింది. పాఠశాల ప్రయోగశాలలో ఎవరైనా చేసే పనినే బరువు లేని చోట చేస్తే ఏమవుతుందో చూపడం వీటన్నిటిలోనూ ఉన్న సూత్రం.

నీటిలో వేస్తే పొంగే మాత్రతో చేసే ప్రయోగం అందులో ఒకటి. భూమిపై వాయువు బుడగలు నీటికంటే తేలిక కాబట్టి పైకి వస్తాయి. కక్ష్యలో పైన, కింద అన్న భేదం లేదు. బుడగలు పుట్టిన చోటనే ఉండి, ఒకదానితో ఒకటి కలిసి, నీటి ముద్దను లోపలి నుండి ఉబ్బిస్తాయి. క్రొమటోగ్రఫీ ప్రయోగంలో సిరా చుక్కలోని రంగులు కాగితంపై పాకే ద్రవంతో పాటు వేరు పడతాయి. భూమిపై ఆ ద్రవం కాగితం మీద ఎగబాకేటపుడు గురుత్వాకర్షణ వెనక్కి లాగుతుంది; అక్కడ ఆ అడ్డు ఉండదు. న్యూటన్ గమన నియమాల పాఠంలో మనుషులే ఉపకరణాలు: ఒకరు మరొకరిని నెడితే ఇద్దరూ చెరొక వైపు కదిలిపోతారు. నేలపై రాపిడి, బరువు ఈ నియమాలను కప్పి ఉంచుతాయి గనుక పిల్లలకు నమ్మకం కలిగించడం కష్టం. అయస్కాంతం చుట్టూ ఇనుపరజను నిలిచే తీరు, మట్టి లేకుండా పోషక ద్రవంతో మొక్కలను పెంచడం, మీట వంటి సరళ యంత్రాలు పనిచేసే విధానం మిగిలిన మూడు.

ప్రయోగం

మొదట జనవరి 22కు నిర్ణయించిన ప్రయోగం పలుమార్లు వాయిదా పడింది. 27వ తేదీన సిబ్బంది నౌకలో కూర్చున్న తరువాత తలుపు పిడిలో వచ్చిన చిన్న లోపాన్ని సరిచేసేసరికి అడ్డగాలులు బలపడ్డాయి. ఆ రాత్రి ఫ్లోరిడాలో ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల సెల్సియస్‌కు చాలా దిగువకు పడిపోయింది. ప్రయోగ వేదిక అంతటా మంచు పేరుకుంది.

28వ తేదీ ఉదయం నౌకలోకి ఎక్కే ముందు సాంకేతిక సిబ్బందిలో ఒకరు టీచరుకు కానుకగా క్రిస్టాకు ఒక ఆపిల్ పండు ఇచ్చారు. తిరిగి వచ్చాక తీసుకుంటానని ఆమె దానిని వారివద్దనే ఉంచింది. కొడుకు ఇచ్చిన బొమ్మ కప్ప ఆమె సామానులో ఉంది. ఉదయం 11 గంటల 38 నిమిషాలకు ఛాలెంజర్ పైకి లేచింది. ఆమె తల్లిదండ్రులు, భర్త, పిల్లలు, కొడుకు తరగతిలోని బాలబాలికలు కేప్ కెనవరల్‌లో నిలబడి చూస్తున్నారు. ప్రధాన టెలివిజన్ సంస్థలు ప్రత్యక్ష ప్రసారం చేయకపోయినా, నాసా ప్రత్యేకంగా ఏర్పాటు చేసిన ఉపగ్రహ ప్రసారాన్ని దేశంలోని అనేక పాఠశాలల్లో పిల్లలు తరగతి గదులలో కూర్చుని చూశారు. కాంకర్డ్ పాఠశాలలో ఆమె విద్యార్థులు వేడుకకు సిద్ధమై ఉన్నారు.

73 సెకన్ల తరువాత, సుమారు 14 కిలోమీటర్ల ఎత్తులో నౌక ముక్కలైంది. సిబ్బంది గది వెంటనే నాశనం కాలేదు. అది మరికొంత పైకి వెళ్ళి, రెండున్నర నిమిషాలకు పైగా పడుతూ వచ్చి సముద్రాన్ని తాకింది. కొన్ని అత్యవసర గాలి పరికరాలు వాడబడినట్లు తరువాత తేలింది. అంటే కనీసం కొందరు సభ్యులు నౌక విచ్ఛిన్నమైన తక్షణమే మరణించలేదు. మార్చిలో సిబ్బంది గదిని సముద్రగర్భంలో కనుగొన్నారు. క్రిస్టా భౌతికకాయాన్ని కాంకర్డ్‌లో ఖననం చేశారు. మరణించే నాటికి ఆమె వయసు 37 సంవత్సరాలు.

ఆ సాయంత్రం కాంగ్రెసు ఎదుట చేయవలసిన వార్షిక ప్రసంగాన్ని రీగన్ వాయిదా వేసుకుని టెలివిజన్‌లో మాట్లాడాడు. ప్రసంగంలో కొంత భాగం ప్రమాదాన్ని కళ్ళారా చూసిన పాఠశాల పిల్లలను ఉద్దేశించినది. పిల్లలకు ఉత్సాహం కలిగించడానికి పాఠశాలలకు పంపిన ప్రసారమే వారికి ఆ దృశ్యాన్ని చూపించింది. ఈ పథకం గురించిన ప్రతి చర్చలోనూ ఈ సంగతి వస్తూనే ఉంటుంది.

దర్యాప్తు

మాజీ విదేశాంగ మంత్రి విలియం రోజర్స్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1986 జూన్‌లో నివేదిక సమర్పించింది. షటిల్‌కు ఇరువైపులా ఉండే ఘన ఇంధన రాకెట్లను భాగాలుగా తయారుచేసి కలుపుతారు. ఆ అతుకుల గుండా వేడి వాయువు బయటికి రాకుండా ఓ-రింగులనే రబ్బరు వలయాలు ఆపుతాయి. చలికి రబ్బరు గట్టిపడి, అతుకు విచ్చుకున్నపుడు వెంటనే సాగి మూయలేకపోయింది. కుడివైపు రాకెట్టు నుండి బయటికి వచ్చిన మంట ఇంధన ట్యాంకును ఛేదించింది. సంఘ సభ్యుడైన భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కను మంచునీటిలో ముంచి, అది సాగే గుణం కోల్పోవడాన్ని బహిరంగ విచారణలోనే చూపించాడు. పాఠశాలలో చేయదగినంత సులువైన ప్రయోగం అది.

ఈ లోపం కొత్తగా బయటపడినది కాదు. 1985 జనవరిలో సుమారు 12 డిగ్రీల సెల్సియస్ వద్ద జరిగిన ప్రయోగంలో ఓ-రింగుల నుండి వాయువు తప్పించుకున్న ఆనవాళ్ళు దొరికాయి. రాకెట్లు తయారుచేసే మోర్టన్ థయోకాల్ సంస్థ ఇంజనీర్లు, ముఖ్యంగా రోజర్ బోజలే, జనవరి 27 రాత్రి జరిగిన టెలిఫోను సమావేశంలో అంతకంటే తక్కువ ఉష్ణోగ్రతలో ప్రయోగించవద్దని వాదించారు. నాసా అధికారులు అసంతృప్తి వ్యక్తం చేయగా, సంస్థ యాజమాన్యం తన ఇంజనీర్ల మాట తోసిపుచ్చి అనుమతి ఇచ్చింది. మరునాడు ప్రయోగ సమయానికి ఉష్ణోగ్రత సుమారు 2 డిగ్రీలు. సిబ్బందికి ఈ వాదన సంగతి తెలియదు.

ప్రమాదావకాశంపై నాసా యాజమాన్యపు అంచనాకు, ఇంజనీర్ల అంచనాకు ఎంత తేడా ఉందో ఫైన్‌మన్ తన అనుబంధ నివేదికలో చూపాడు: యాజమాన్యం లక్షకు ఒకటి అంటే, ఇంజనీర్లు నూటికి ఒకటి అన్నారు. వృత్తిరీత్యా వ్యోమగాములైనవారు ప్రమాదం ఉందని ఎరిగే వెళతారు. షటిల్ మామూలు వాహనం అన్న ప్రచారం ఆధారంగా ఎంపికైన ఉపాధ్యాయురాలి విషయంలో ఈ తేడాకు మరింత బరువు ఉంది.

పథకం తరువాతి చరిత్ర

షటిల్ ప్రయాణాలు 32 నెలలు ఆగిపోయి, 1988 సెప్టెంబరు 29న డిస్కవరీతో తిరిగి మొదలయ్యాయి. పాత్రికేయులను పంపే పథకం రద్దయింది. దీని ప్రభావం భారతదేశంపైనా పడింది: ఇన్సాట్-1సీ ఉపగ్రహంతో పాటు షటిల్‌లో వెళ్ళవలసిన భారతీయుని ప్రయాణం రద్దయి, ఆ ఉపగ్రహాన్ని 1988లో ఐరోపాకు చెందిన ఏరియాన్ రాకెట్టు ద్వారా పంపవలసి వచ్చింది. ఉపాధ్యాయుల పథకాన్ని నాసా 1990లో అధికారికంగా ముగించింది.

అయితే విద్యార్థులతో సంబంధం తెగిపోలేదు. మరణించిన ఏడుగురి కుటుంబాలు కలిసి 1986 ఏప్రిల్‌లో ఛాలెంజర్ సెంటర్ అనే విద్యాసంస్థను స్థాపించాయి. స్కోబీ భార్య జూన్ స్కోబీ ఇందులో ముఖ్యపాత్ర వహించింది. ఆమె కూడా అధ్యాపకురాలే. 1988లో హ్యూస్టన్‌లో తొలి అభ్యాస కేంద్రం ప్రారంభమైంది. అక్కడికి వచ్చే పిల్లలలో సగం మంది నియంత్రణ కేంద్రంలో, సగం మంది నమూనా నౌకలో కూర్చుని, ఒకరికొకరు సమాచారం అందించుకుంటూ ఒక యాత్రను పూర్తిచేస్తారు. మధ్యలో వచ్చే ఇబ్బందులను లెక్కలు వేసి వారే పరిష్కరించాలి. తరువాత ఇటువంటి కేంద్రాలు అమెరికాలోను, మరికొన్ని దేశాలలోను వెలిశాయి. ఛాలెంజర్ స్థానంలో నిర్మించిన కొత్త షటిల్‌కు పేరు పెట్టే అవకాశాన్ని నాసా పాఠశాల విద్యార్థుల పోటీకి వదిలింది. ఎండెవర్ అనే పేరు అలా వచ్చినదే.

బార్బరా మోర్గన్ మెక్‌కాల్‌కు తిరిగి వెళ్ళి మళ్ళీ పాఠాలు చెప్పింది. 1998లో నాసా ఆమెను పూర్తిస్థాయి వ్యోమగామి శిక్షణకు తీసుకుంది. ఇది పాత పథకం కొనసాగింపుగా పేర్కొనబడినా రెంటికీ మౌలికమైన భేదం ఉంది. క్రిస్టా యాత్ర ముగించుకుని తన తరగతికి తిరిగి వెళ్ళవలసిన మనిషి. కొత్త పద్ధతిలో ఉపాధ్యాయుడు తన వృత్తిని వదిలి వ్యోమగామిగా మారాలి. భద్రత దృష్ట్యా ఇదే సరైనది. కానీ తరగతి నుండి వెళ్ళి తరగతికే తిరిగి రావడం అనే తొలి ఆలోచన ఇందులో మిగలలేదు. మోర్గన్ 2007 ఆగస్టులో, విద్యార్థులు పేరుపెట్టిన ఎండెవర్ నౌకలోనే అంతరిక్షానికి వెళ్ళింది. అక్కడి నుండి విద్యార్థుల ప్రశ్నలకు సమాధానాలు చెప్పింది. 2004లో ఎంపికైన ఉపాధ్యాయులు జోసెఫ్ అకాబా, రిచర్డ్ ఆర్నాల్డ్ 2009 మార్చిలో ప్రయాణించారు.

ఆమె పాఠాలు

క్రిస్టా చేయవలసిన ప్రయోగాల వివరాలు, ఆమె సాధన చేసిన నాటి చిత్రాలు భద్రంగా ఉన్నాయి. 2017–18లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో అకాబా, అతని తరువాత ఆర్నాల్డ్ వరుసగా నివసించారు. ఇద్దరూ ఉపాధ్యాయులు కావడంతో నాసా, ఛాలెంజర్ సెంటర్ కలిసి ఆ ప్రయోగాలను వారిచేత చేయించాయి. పొంగే మాత్ర, క్రొమటోగ్రఫీ, ద్రవాల ధర్మాలు, న్యూటన్ నియమాలు ఇందులో ఉన్నాయి. అంతరిక్ష కేంద్రంలో దొరికే వస్తువులకు తగినట్లు కొన్ని మార్పులు చేశారు. తరగతి గదిలో వాడుకోవడానికి వీలుగా ఈ చిత్రాలు 2018 నుండి విడుదలయ్యాయి. అయితే ఆమె తలపెట్టిన దినచర్య మాత్రం శిక్షణ దశ దాటి ముందుకు సాగలేదు.

గౌరవాలు

2004లో ఆమెకు మరణానంతరం కాంగ్రెస్ అంతరిక్ష గౌరవ పతకం ప్రదానం చేశారు. చంద్రునిపై, శుక్రగ్రహంపై ఒక్కొక్క బిలానికి, ఒక గ్రహశకలానికి ఆమె పేరు పెట్టారు. కాంకర్డ్‌లో 1990లో ఆమె పేరిట ప్రారంభమైన నక్షత్రశాల, అదే రాష్ట్రానికి చెందిన తొలి అమెరికన్ వ్యోమగామి అలన్ షెపర్డ్ పేరు కూడా కలిసి 2009లో మెకాలిఫ్-షెపర్డ్ డిస్కవరీ సెంటర్ అయింది. ఫ్రేమింగ్‌హామ్‌లో ఆమె చదివిన కళాశాలలో ఆమె పేరుతో విద్యా కేంద్రం ఉంది. పలు దేశాలలో పాఠశాలలకు ఆమె పేరు పెట్టారు. 2021లో అమెరికా టంకశాల ఆమె స్మారకంగా వెండి డాలరు నాణెం విడుదల చేసింది. ఆమె జన్మదినమైన సెప్టెంబరు 2న, 2024లో, కాంకర్డ్‌లోని రాష్ట్ర శాసనసభ భవనం ఆవరణలో ఆమె కాంస్య విగ్రహాన్ని ఆవిష్కరించారు.